పంచదార డబ్బా

మా ఇంట్లో పంచదార డబ్బాకి ఉన్నంత చరిత్ర మా వంశానికి కూడా లేదంటే మీరు నవ్వుతారు. నవ్వితే నవ్వారు గానీ, కాస్త వినండి.

మా అమ్మమ్మ హయాంలో ఆ డబ్బా చెక్క బీరువాలో, పట్టుచీరల సరసన ఉండేది. తాళంచెవి అమ్మమ్మ బొడ్లో ఉండేది. అప్పట్లో పంచదార రేషన్ కార్డు మీద తూచి ఇచ్చేవారు కదా, అంచేత దానికంత మర్యాద. మా పిల్లమూకకి బెల్లం, ఇంటికొచ్చిన పెద్దమనుషులకి పంచదార. అందులోనూ హోదాని బట్టి చెంచాలు. కరణంగారి కాఫీలో రెండైతే, తాసీల్దారుగారి కాఫీలో మూడు.

ఆ తాసీల్దారుగారికే మా ఊళ్ళో మొట్టమొదట మధుమేహం అని పేరు పెట్టారు. పెరట్లో ఆయన వెళ్ళొచ్చిన చోట చీమలు బారులు తీరాయట. ఆ రోజుల్లో అదే రక్తపరీక్ష, అవే మిషన్లు! ఈ సంగతి చెప్పేటప్పుడు అమ్మమ్మ గొంతులో జాలి కన్నా గౌరవమే ఎక్కువ వినిపించేది. "నెయ్యీ, పాలూ, పంచదారా తిని, కాలు మీద కాలేసుకుని కూర్చునే వాళ్ళకొస్తుందే అది. మనబోటి వాళ్ళకెక్కడొస్తుంది!" అనేది. వీపు మీద లేచే రాచకురుపు కూడా రాజులకే లేస్తుందని ఆవిడ నమ్మకం. వెరసి, అది డబ్బున్నవాళ్ళ జబ్బు.

తర్వాత నేను కాపురానికి వచ్చాను. రోజులు మారాయి. పంచదార కోసం క్యూలో నిలబడే పని పోయింది. డబ్బా బీరువాలోంచి దిగి వంటింటి గట్టు మీదికి వచ్చి కూర్చుంది. పాలల్లో పంచదార, పెరుగులో పంచదార, పూరీ మీద పంచదార. పిల్లలు ఏడిస్తే ఓ గుప్పెడు, నవ్వితే ఇంకో గుప్పెడు. నెలకెన్ని కిలోలో లెక్క చూసిన పాపాన పోలేదు.

పన్నెండేళ్ళ కిందట మావారు బ్యాంకులో రిటైరయ్యారు. వీడ్కోలు సభలో శాలువా కప్పారు, దండ వేశారు, ఇంత లావు లడ్డూ నోట్లో పెట్టారు. ఆ నెలలోనే ఏదో పనిమీద రక్తపరీక్ష చేయిస్తే పరగడుపున 168, భోజనం తర్వాత 274 వచ్చింది. డబ్బా మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోయింది. అమ్మమ్మ లేక దాచింది. నేను ఉండి దాచాను. అంతే తేడా.

షుగరొచ్చిన మొగుడితో కాపురం ఎలా ఉంటుందో మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. పొద్దున్నే తెల్ల బూట్లేసుకుని నడకకి బయల్దేరతారు. వెళ్ళేటప్పుడు నలుగురు, వచ్చేటప్పుడు హోటల్లో ఎనిమిదిమంది. "ఉప్మా పెసరట్టే కదుటే, అందులో పంచదారేదీ?" అని నన్నే అడుగుతారు. పెళ్ళిభోజనానికి వెళితే ముందు మాత్ర మింగి, ఆ ధైర్యంతో జిలేబీ తింటారు. ఓసారి ఆత్రేయపురం నుంచి ఎవరో పూతరేకులు పంపారు. నేను కళ్ళెర్రజేస్తే, "పూతరేకంటే కాయితమంత పల్చన. కాయితం నమిలితే ఎవరికైనా షుగరొస్తుందా?" అని వాదన. ముప్పై అయిదేళ్ళు అప్పుల దరఖాస్తులు చూసిన మనిషి. ఏ కాయితంలో ఏముంటుందో నాకంటే ఆయనకే బాగా తెలియాలి.

ఇక సలహాలు! మా వీధిలో ప్రతి గడపా ఓ వైద్యాలయమే. ఒకావిడ కాకరరసం అంటుంది, ఒకావిడ నానేసిన మెంతులంటుంది, మూడో ఆవిడ నేరేడు గింజల పొడి సీసాతో సహా పంపిస్తుంది. పొడపత్రి ఆకు కూడా తెచ్చారు. అది నమిలాక పంచదార నోట్లో వేసుకుంటే కాసేపు ఇసక నమిలినట్టే ఉంటుంది. అది మాత్రం నిజం, నేనూ చూశాను. నోటికి తెలియకపోతే మట్టుకు ఒంటికి తెలియకుండా పోతుందా చెప్పండి! ఇవన్నీ విని డాక్టరుగారు నవ్వి, "తినండమ్మా, కానీ మాత్ర మానకండి, అన్నం తగ్గించండి" అన్నారు. గోదావరి నీళ్ళు తాగినవాణ్ణి అన్నం తగ్గించమనడం, చేపని నీళ్ళు తగ్గించమనడమూ ఒకటే. ఆ వారం రోజులూ మా ఇంట్లో ఎవరో పోయినట్టే ఉంది.

ఆ తర్వాత రెండేళ్ళకి మా అత్తగారికీ వచ్చింది. ఆవిడకిప్పుడు 86. రెండుపూటలా ఇన్సులిన్. మా ఫ్రిజ్ తలుపులో మందుసీసాలు, నిమ్మకాయలు, మల్లెపూల పొట్లం పక్కపక్కనే ఉంటాయి. ఇద్దరి వేళ్ళూ పొడిచేది నేను, పుస్తకంలో రాసేది నేను, ఎవరి మాత్ర ఎప్పుడో గుర్తుంచుకునేది నేను. ఇల్లాలి ఉద్యోగంలో ఇదో కొత్త శాఖ.

ఇదంతా ఒక ఎత్తు. మనం మానేసినా తీపి మన గడప తొక్కడం మానదు కదా. గృహప్రవేశం లడ్డూలు, పేరంటం చలిమిడి, దీపావళికి మా అబ్బాయి హైదరాబాదు నుంచి మోసుకొచ్చే డబ్బాలు. పారేస్తే కళ్ళు పోతాయి. ఇంట్లో ఉంచితే మావారి చెయ్యి ఊరుకోదు. అందుకు నేనొక చక్కటి ఉపాయం కనిపెట్టాను. అన్నీ తీసి మా పనిమనిషి క్యారేజీలో పెట్టేదాన్ని.

ఆమె మా ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. పేరు చెప్పనులెండి, ఒప్పుకోదు. సన్నగా పూచికపుల్లలా ఉంటుంది. మాది కాక ఇంకో మూడిళ్ళు చేస్తుంది. "మాకెలాగూ షుగరు. నువ్వు పట్టుకెళ్ళు, పిల్లలు తింటారు" అనేదాన్ని. పొద్దున్నే టీలో మూడు చెంచాల పంచదార వేసి ఇచ్చేదాన్ని, పాపం అలిసిపోయి వస్తుందని. మా అమ్మమ్మ తాసీల్దారుగారికి వేసినట్టు! మిగిలిన అన్నం కూడా ఆమెకే. పెట్టే చెయ్యి నాదని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. దాచడం ఎందుకు?

మూడేళ్ళ కిందట వేసవిలో ఆమె చెంబులకి చెంబులు నీళ్ళు తాగడం మొదలెట్టింది. ఎండలు కదా అనుకున్నాను. మాటిమాటికీ పెరట్లోకి వెళుతోంటే, పని ఎగ్గొడుతోందని విసుక్కున్నాను. రవిక వదులైతే, "నయమే, నాకూ ఇలా తగ్గితే బాగుణ్ణు" అని వేళాకోళం చేశాను. ఇద్దరు షుగరు మనుషుల మధ్య తిరుగుతూ, పుస్తకంలో అంకెలు రాసుకుంటూ, ఎదురుగా ఉన్న మూడో మనిషిని చూడలేకపోయాను. ఎందుకంటారా? మా అమ్మమ్మ మాట నాలో ఇంకా బతికే ఉంది. అది డబ్బున్నవాళ్ళ జబ్బు కదా!

ఒకరోజు తడిబట్ట పెట్టిన గచ్చు మీద వరసగా ఎర్రటి మరకలు కనిపించాయి.

"ఏమిటమ్మా ఇది?" అన్నాను.

"ఏంటోనమ్మగారూ, నాకేం తెల్లేదు" అంది.

కాలు ఎత్తి చూస్తే బొటనవేలి కింద గాజుపెంకు. పొద్దుటి నుంచీ దాంతోనే మూడిళ్ళు తిరిగి వచ్చింది. నెప్పి తెలియలేదట. ఆ "తెలియలేదు" అన్న మాటకి నా గుండె ఝల్లుమంది. మావారి డాక్టరుగారు ప్రతిసారీ అరికాళ్ళు గీకి చూసేది దీని కోసమే కదా. మిషను తెచ్చి, కొత్త సూది వేసి, వేలు పొడిచాను. 412.

ఆమె నవ్వేసింది. "నాకెందుకొస్తాదమ్మగారూ షుగరు? నేనేవన్నా కూకుని తింటన్నానా?" అంది.

అమ్మమ్మ మాటే, ఈ నోట!

ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాను. మందులు ఉచితంగానే ఇచ్చారు, అబద్ధమెందుకు. కానీ చీటీకి ఓ పూట, రక్తానికి ఓ పూట, ఫలితానికి ఇంకో రోజు, మందుల వరసలో మరో పూట. మావారి పరీక్షకైతే మనిషి ఇంటికొచ్చి రక్తం పట్టుకెళతాడు, సాయంత్రానికి ఫోనులో కాయితం వస్తుంది. ఆమెకి ప్రతి పూటా నాలుగిళ్ళవాళ్ళకి సంజాయిషీ. నాలుగు నెలలు మాత్రలు వేసుకుంది. కాలు మానింది, నీరసం తగ్గింది. జ్వరం తగ్గితే మాత్ర మానేస్తాం కదా, అలాగే ఇదీ మానేసింది. నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఏడాది తిరక్కుండా అదే కాలు మళ్ళీ పట్టుకుంది. ఈసారి వేలు నల్లబడింది. రెండు వేళ్ళు తీసేశారు.

ఇరవై మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. రెండిళ్ళవాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారు. పదో తరగతి చదివే కూతురు తల్లి బదులు గిన్నెలు తోమడానికి వచ్చింది. పరీక్షలు నెల్లాళ్ళలో ఉన్నాయి. దాన్ని వెనక్కి పంపేసి మా గిన్నెలు నేనే తోముకున్నాను. అదేదో ఘనకార్యమని చెప్పడం లేదు. మిగిలిన ఇంటికి ఆ పిల్ల వెళ్ళక తప్పలేదు. ఆ ఏడు లెక్కల్లో తప్పింది. తల్లికి షుగరొస్తే కూతురు లెక్కల్లో తప్పడం ఏ రక్తపరీక్ష కాయితంలోనూ కనబడదు.

"నా లడ్డూల వల్లే వచ్చిందా డాక్టరుగారూ?" అని అడిగాను, ఉండబట్టలేక. ఆయన నవ్వలేదు. "ఒక్క లడ్డూల వల్లే రాదమ్మా. కానీ ఇన్నాళ్ళూ ఎవరూ చూడకపోవడం వల్లే కాలిదాకా వచ్చింది" అన్నారు.

అప్పటినుంచీ దీని గురించి కనబడిందల్లా చదువుతున్నాను. మన భారత వైద్య పరిశోధనా మండలి వాళ్ళు దేశమంతా తిరిగి, లక్షమందికి పైగా పరీక్షించి, 2023లో లెక్క ప్రకటించారు. మనదేశంలో షుగరున్నవాళ్ళు 10.1 కోట్లు. రేపో మాపో అన్నట్టు గట్టుమీద నిలబడి ఉన్నవాళ్ళు మరో 13.6 కోట్లు. పల్లెల్లో నూటికి దాదాపు తొమ్మిదిమంది, పట్నాల్లో పదహారుమంది. అదే పరిశోధనలో అంతకుముందు, 2017లో బయటపడిన సంగతి నన్ను మరీ కలవరపెట్టింది. బాగా డబ్బున్న రాష్ట్రాల పట్నాల్లో చూస్తే, ఉన్నవాళ్ళ కన్నా లేనివాళ్ళలోనే షుగరు ఎక్కువట. తాసీల్దారుగారి జబ్బు బంగళా దిగి పేటలోకి నడిచి వెళ్ళిపోయింది. బంగళాలో వాళ్ళు సంగతి తెలుసుకుని నడకలు, పథ్యాలు మొదలుపెట్టారు. పేటలో వాళ్ళకి కబురే అందలేదు.

మన ఒక్క దేశమే కాదు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025లో వేసిన లెక్కలో ప్రపంచం మొత్తం మీద 58.9 కోట్లమంది పెద్దవాళ్ళకి ఈ జబ్బుంది. అందులో ప్రతి అయిదుగురిలో నలుగురు మనలాంటి పేద, మధ్యాదాయ దేశాలవాళ్ళే. పదిమందిలో నలుగురికి తమకి ఉన్నట్టే తెలియదు. గాజుపెంకు గుచ్చుకున్నదాకా తెలియదన్నమాట.

కూర్చుని తినని మనిషికి ఎందుకొచ్చిందంటారా? పూర్వం ఆమె తాతలు తిన్నది జొన్నో, రాగో, చోడంబలో. ఇప్పుడు మూడు పూటలా తెల్లటి సన్నబియ్యం. పప్పూ కూరా పల్చన, అన్నం దండి. కష్టం చేసినా కడుపులో పడేది అదొక్కటే. ఇంకో సంగతి ఉంది. పుణేలో డాక్టర్లు మన పసిపిల్లల్నీ, ఇంగ్లండులో పుట్టిన పిల్లల్నీ పోల్చి చూశారు. మన పిల్లలు బరువు తక్కువ, కండ తక్కువ, కానీ కొవ్వు మాత్రం అంత తక్కువ కాదు. చూడటానికి సన్నం, లోపల లావు. కడుపులో ఉన్నప్పుడు చాలీచాలని తిండికి అలవాటుపడ్డ ఒళ్ళు, తర్వాత దండిగా అన్నం, పంచదార దొరికితే తట్టుకోలేదట. అంటే, అందరికీ వడ్డించి అడుగూబొడుగూ తిన్న తల్లి ఆకలి, ముప్పై నలభై ఏళ్ళకి బిడ్డ నెత్తుటిలో తీపై తేలుతోందన్నమాట. ఆఖర్న తినడం మన ఆడవాళ్ళకి సుగుణమని నేర్పారు. ఆ సుగుణం ఖరీదు ఎవరు కడుతున్నారో చూశారా?

ఇప్పుడామెకీ ఇన్సులినే. రేకుల ఇల్లు, ఫ్రిజ్ లేదు. కొత్త సీసాలు మా ఫ్రిజ్‌లో పెడతాను. వాడుతున్న సీసా ఆమె ఇంట్లో తడి ఇసక పోసిన కుండలో చల్లగా ఉంచుకుంటుంది. "ఎవరి సీసా ఏదో తెలిసేదెలాగే?" అని మా అత్తగారు మొదట మూతి ముడిచారు. ఆమె సీసాలకి ఎర్రదారం కట్టాను. మర్నాడు ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండు సీసాలూ అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికీ నా మందేనా? అయితే దీనికీ నా జబ్బేనన్నమాట" అన్నారు. ఆ రోజు నుంచీ ఇద్దరికీ పొద్దున్నే ఒకటే కబుర్లు.

"నీకెంతే ఇవాళ?"

"160 అండి, పెద్దమ్మగారూ."

"నాకు 182. నువ్వే నయం. రాత్రి ఏం తిన్నావేమిటి?"

పద్దెనిమిదేళ్ళలో వాళ్ళిద్దరూ ఇంత మాట్లాడుకోగా నేను చూడలేదు.

ఈ మందుకీ ఓ కథ ఉంది. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్ అనే డాక్టరు, తన తోటివాళ్ళతో కలిసి కనిపెట్టాడు. దానిమీద హక్కుల్ని విశ్వవిద్యాలయానికి ఒక్కొక్కరూ ఒక్క డాలరుకే రాసిచ్చేశారు. ప్రాణం నిలిపే మందు అందరికీ అందాలని. నూరేళ్ళు దాటిపోయింది. ప్రపంచంలో అవసరమైన వాళ్ళందరికీ అది నేటికీ అందడం లేదు. ఆయన పుట్టింది నవంబరు 14న. మన పిల్లల పండగ రోజునే ప్రపంచ మధుమేహ దినం కూడా. ఆ రోజు స్కూళ్ళలో పిల్లలకి మనం పంచేదేమిటో గుర్తుందా? చాక్లెట్లు!

ఓ రోజు మామూలుగా ఇద్దరి అంకెలూ పుస్తకంలో రాస్తూంటే, మా పనిమనిషి చేతిలో చీపురు ఆపి అడిగింది. "మరి మీకెంతమ్మగారూ?"

నా కలం ఆగిపోయింది. పన్నెండేళ్ళుగా ఇంటిల్లిపాదికీ పొడుస్తున్నాను. నా వేలు నేనెప్పుడూ చూసుకోలేదు. అందరి పథ్యం వండి, వాళ్ళు వదిలేసిన ఇడ్లీ, చివర మిగిలిన అన్నం, పారేయబుద్ధి కాక గిన్నె అడుగు పాయసం అన్నీ నా కడుపులోకే. అమ్మమ్మ బీరువాలో దాచింది, నేను నా ఒంట్లో దాచాను! మర్నాడు పరగడుపున చూసుకుంటే 119. "గట్టు మీద ఉన్నారమ్మా. అటు పడకుండా ఇటు దిగండి" అన్నారు డాక్టరుగారు. ఆ 13.6 కోట్లమందిలో నేనూ ఒకత్తెనన్నమాట.

ముప్పై ఏళ్ళు నిండినవాళ్ళందరికీ ఈ పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు. ఇంటింటికీ వచ్చే ఆశా కార్యకర్తని అడిగితే ఎప్పుడు, ఎక్కడ అన్నది చెబుతుంది. ఆ సంగతి మా పనిమనిషికి పద్దెనిమిదేళ్ళలో నేను ఒక్కసారి చెప్పి ఉంటే ఆ రెండు వేళ్ళూ ఆమెకి ఉండేవేమో. ఆమెకి పెట్టిన డబ్బాల లడ్డూలూ గుర్తున్నాయి గానీ, ఆ ఒక్క మాట చెప్పిన గుర్తు నాకు లేదు.

కూతురు సప్లిమెంటరీలో లెక్కలు గట్టెక్కింది. ఇప్పుడు ఇంటరు చదువుతోంది. తల్లి కాస్త కుంటుతూ వస్తుంది. గిన్నెలు కూర్చుని తోముకోమని పెరట్లో పీట వేశాను. "చివరికి నన్నూ కూకోబెట్టేశారమ్మగారూ" అని నవ్వుతుంది. టీలో పంచదార లేదు. ఆమెకీ లేదు, నాకూ లేదు.

మొన్న మా అబ్బాయి ఫోను చేశాడు. "దీపావళికి వస్తున్నానమ్మా, ఏ స్వీట్లు తేను?" అన్నాడు.

"స్వీట్లొద్దురా, మిషనులో వేసే స్ట్రిప్పులు నాలుగు డబ్బాలు పట్టుకురా" అన్నాను.

"నాలుగెందుకే, మీకు రెండు చాలుగా?"

"మిగిలిన రెండూ పేటలోకి" అన్నాను.

వాటిని ఎక్కడ పెట్టాలో కూడా ఆలోచించేశాను. పంచదార డబ్బా ఖాళీగానే ఉంది కదా.